పాఠం 8: కౌమార దశలో ఆటలు, వ్యాయామం – తల్లిదండ్రుల ప్రభావం

8.1 పరిచయం

పదో తరగతి పరీక్షలు ముగిసి, ఇంటర్మీడియట్‌లో చేరబోయే ముందు వచ్చే వేసవి ఒక కుటుంబంలో ఎలా గడుస్తుందో గుర్తుకు తెచ్చుకోండి. ఏ కాలేజీ, ఏ గ్రూపు, హాస్టలా లేక ఇంటి నుంచి వెళ్లి రావడమా, ఫీజు ఎంత అనే ప్రశ్నల చుట్టూ నెల రోజులు చర్చ నడుస్తుంది. ఆ కాలేజీకి ఆటస్థలం ఉందా అని అడిగే తల్లిదండ్రులు ఎంతమంది? అప్పటిదాకా సాయంత్రం పూట వీధిలో క్రికెట్టో, బడిలో కబడ్డీయో, ఖోఖోయో ఆడిన పిల్లలు జూన్ నెల నుంచి ఆట మానేస్తారు. మానమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. దినచర్యలో ఆటకు చోటు లేకుండా పోతుంది, అంతే. ఆ దినచర్యను ఎంచుకున్నవారు మాత్రం తల్లిదండ్రులే.

కౌమార దశలో శరీరంలోనూ మనసులోనూ వచ్చే మార్పులను మునుపటి పాఠంలో చదివారు. ఈ పాఠంలో ఒకే ప్రశ్నను పట్టుకుని ముందుకు వెళదాం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు రోజూ ఎంత కదులుతారు, ఎంత ఆడతారు అన్న విషయాన్ని తల్లిదండ్రులు ఏయే మార్గాల్లో ప్రభావితం చేస్తున్నారు? 'పెద్దలు చేస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారు' అన్నది మనం సాధారణంగా చెప్పే జవాబు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఈ వయసు పిల్లల విషయంలో, తల్లిదండ్రులు తాము చేసే వ్యాయామం కన్నా పిల్లలకు ఇచ్చే సమయం, అనుమతి, చేయూత ఎక్కువగా పనిచేస్తాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఎందుకో చూద్దాం.

మీలో కొందరు ఇప్పటికే ఈ వయసు పిల్లల తల్లులో, తండ్రులో అయి ఉంటారు. మరికొందరు తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువు బాధ్యత చూస్తూ ఉంటారు. కాబట్టి పాఠం చదివేటప్పుడు మీ ఇంటినే ఉదాహరణగా పెట్టుకోండి.

8.2 ఎంత కదలిక అవసరం?

ముందుగా రెండు మాటలకు అర్థం తెలుసుకోవాలి. కండరాలు పనిచేసి శక్తి ఖర్చయ్యే ఏ కదలికనైనా 'శారీరక కార్యకలాపం' అంటారు. నడవడం, సైకిలు తొక్కడం, బిందెతో నీళ్లు మోయడం, ఇల్లు ఊడవడం, కబడ్డీ ఆడటం అన్నీ దీని కిందికి వస్తాయి. ఆరోగ్యం కోసమో, దేహ దారుఢ్యం కోసమో ఒక పద్ధతి ప్రకారం, మళ్లీ మళ్లీ చేసేది 'వ్యాయామం'. అంటే వ్యాయామం అనేది శారీరక కార్యకలాపాల్లో ఒక భాగం మాత్రమే. ఈ తేడా పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు. 'మా పిల్లవాడు వ్యాయామం చేయడు' అని బాధపడే తండ్రి, ఆ పిల్లవాడు రోజూ రెండు కిలోమీటర్లు సైకిలు తొక్కి బడికి వెళ్తున్నాడన్న సంగతిని లెక్కలోకి తీసుకోడు. వచ్చే ఏడాది అదే పిల్లవాణ్ణి ఆటోలో పంపిస్తాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు వారం మొత్తం మీద సగటున రోజుకు కనీసం 60 నిమిషాలు మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి శారీరక కార్యకలాపాల్లో పాల్గొనాలి. వారంలో కనీసం 3 రోజులు కండరాలను, ఎముకలను బలపరిచేవి కూడా ఉండాలి. గంతులు వేయడం, పరుగెత్తడం, తాడాట వంటివి ఈ కోవలోకి వస్తాయి. మధ్యస్థ స్థాయి అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. పని చేస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. మాట్లాడటానికి కూడా ఆయాసం అడ్డువస్తే అది తీవ్ర స్థాయి.

ఈ ప్రమాణాన్ని ఎంతమంది అందుకుంటున్నారు? 146 దేశాల నుంచి 298 సర్వేల సమాచారాన్ని కలిపి చేసిన ఒక విశ్లేషణ 2020లో ప్రచురితమైంది. దాని ప్రకారం 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ల విద్యార్థుల్లో 81 శాతం మందికి తగినంత శారీరక కార్యకలాపం లేదు. బాలురలో ఇది 77.6 శాతం, బాలికల్లో 84.7 శాతం. భారతదేశంలో పరిస్థితి ప్రపంచ సగటు కన్నా కొంత మెరుగు. అయినా దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పిల్లలు ఇక్కడా ఆ గంట కదలికకు నోచుకోవడం లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. భారతదేశం, బంగ్లాదేశ్‌లలో పరిస్థితి కొంత మెరుగ్గా ఉండటానికి కారణాలను వివరిస్తూ, బాలుర విషయంలో క్రికెట్ వంటి ఆటలకు ఉన్న ఆదరణను, బాలికల విషయంలో వారి మీద పడే ఇంటిపనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. అంటే మన అబ్బాయి ఆట వల్ల కదులుతున్నాడు, మన అమ్మాయి చాకిరీ వల్ల కదులుతోంది. అంకెల్లో రెండూ ఒకే గడిలో పడతాయి. కానీ స్నేహితులు, గెలుపు ఓటములు, జట్టుగా కలిసి పనిచేయడం, తన శరీరం మీద తనకు నమ్మకం కలగడం వంటివి ఆటలో దొరికినట్టు అంట్లు తోమడంలో దొరకవు. అంకె బాగుంది కదా అని సంతోషపడే ముందు ఆ అంకె వెనుక ఏముందో చూడటం సామాజిక శాస్త్ర విద్యార్థిగా మీకు అలవాటు కావాలి.

8.3 చూసి నేర్చుకోవడం: దాని బలం, దాని హద్దు

ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించిన సామాజిక అభ్యసన సిద్ధాంతాన్ని మీరు మనోవిజ్ఞాన శాస్త్రంలో చదివే ఉంటారు. మనిషి తనకు ముఖ్యమైనవారిని గమనించి, వారి ప్రవర్తనను అనుకరించి నేర్చుకుంటాడని దాని సారం. తల్లిదండ్రుల విషయంలో ఈ సిద్ధాంతానికి బలాన్నిచ్చే ఒక ప్రసిద్ధ అధ్యయనం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో జరిగింది. 1991లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 4 నుంచి 7 ఏళ్ల వయసున్న 100 మంది పిల్లలకు, వారి తల్లిదండ్రులకు కదలికను కొలిచే చిన్న పరికరాలు కట్టారు. తల్లి చురుకుగా ఉన్న ఇళ్లలో పిల్లలు చురుకుగా ఉండే అవకాశం రెండింతలు, తండ్రి చురుకుగా ఉంటే మూడున్నర రెట్లు, ఇద్దరూ చురుకుగా ఉంటే దాదాపు 5.8 రెట్లు ఉన్నట్టు తేలింది.

ఈ ఫలితాన్ని చాలామంది అన్ని వయసుల పిల్లలకూ వర్తింపజేస్తారు. అది సరికాదు. నాలుగేళ్ల పిల్ల తల్లి కొంగు పట్టుకుని తిరుగుతుంది, తల్లి నడిస్తే తానూ నడుస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడు తండ్రితో కలిసి పొద్దున్నే పార్కులో నడవడానికి సిగ్గుపడతాడు. అతనికి ఆదర్శం క్రికెటరో, సినిమా హీరోనో, పక్క వీధిలో జిమ్‌కు వెళ్లే అన్నయ్యో అవుతాడు. కౌమార దశ లక్షణమే అది.

పిల్లలను, కౌమారులను కలిపి పరిశీలించిన వందకు పైగా అధ్యయనాల ఫలితాలను క్రోడీకరించి 2015లో యావో, రోడ్స్ అనే పరిశోధకులు ఒక విశ్లేషణ ప్రచురించారు. తల్లిదండ్రులు స్వయంగా చురుకుగా ఉండటానికీ, పిల్లల శారీరక కార్యకలాపానికీ మధ్య సహసంబంధ గుణకం 0.16 మాత్రమే. తల్లిదండ్రుల చేయూతకూ, పిల్లల కార్యకలాపానికీ మధ్య అది 0.38. గణాంక శాస్త్రంలో మీరు నేర్చుకున్నట్టు, ఈ గుణకాన్ని వర్గం చేస్తే ఒక అంశంలోని వైవిధ్యంలో ఎంత భాగాన్ని రెండో అంశంతో ముడిపెట్టవచ్చో తెలుస్తుంది. 0.16 వర్గం 0.026, అంటే మూడు శాతం లోపు. 0.38 వర్గం 0.144, అంటే సుమారు పద్నాలుగు శాతం. మిగతా భాగం స్నేహితులు, బడి, వీధి, ఆర్థిక స్థితి, పిల్లల స్వభావం వంటి అనేక అంశాల మధ్య పంచుకోబడుతుంది. పద్నాలుగు శాతం తక్కువేమీ కాదు. మనిషి ప్రవర్తనకు సంబంధించిన పరిశోధనల్లో ఒక్క అంశానికి ఇంత వాటా దొరకడమే విశేషం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సహసంబంధం కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. తల్లిదండ్రులు తోడ్పడటం వల్ల పిల్ల ఆడుతోందా, పిల్ల ఇష్టంగా ఆడటం చూసి తల్లిదండ్రులు తోడ్పడుతున్నారా? రెండూ జరుగుతాయి.

మన సమాజానికి వచ్చేసరికి అనుకరణ సిద్ధాంతానికి ఇంకో చిక్కు ఉంది. భారతీయ వైద్య పరిశోధన మండలి చేపట్టిన మధుమేహ అధ్యయనంలో భాగంగా తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఇరవై ఏళ్లు దాటినవారి శారీరక కార్యకలాపాలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. తీరిక వేళ ఆటగానో, వ్యాయామంగానో శరీరాన్ని కదిలించే అలవాటు పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి లేదు. తెలుగు ప్రాంతాలు ఆ విడత అధ్యయనంలో లేవు. కానీ మన పల్లెలను, పట్టణాలను ఎరిగినవారికి ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు. వరి నాట్లు వేసే తల్లి, తాపీ పని చేసే తండ్రి రోజంతా శరీరాన్ని వంచి శ్రమిస్తారు. ఆ శ్రమను చూసిన పిల్లలకు 'నేను కూడా అలా చేయాలి' అనిపించదు. 'మాలాగా ఎండలో పడకూడదు, బాగా చదువుకో' అని ఆ తల్లిదండ్రులే చెబుతారు. శరీరాన్ని కదిలించడం పేదరికానికి గుర్తు, నీడపట్టున కూర్చోవడం ఎదుగుదలకు గుర్తు అన్న భావన పిల్లల మనసులో ఇలా నాటుకుంటుంది. ఆ తల్లిదండ్రుల కోరికలో తప్పులేదు. అందుకే వారికి 'మీరు పొద్దున్నే జాగింగ్ చేసి ఆదర్శంగా ఉండండి' అని సలహా ఇవ్వడం అర్థం లేని పని.

8.4 చేయూత అంటే ఏమిటి?

చేయూతకు అనేక రూపాలున్నాయి. బూట్లు, బ్యాటు కొనిపెట్టడం, మైదానానికి తీసుకువెళ్లడం, పోటీల ఫీజు కట్టడం భౌతికమైన చేయూత. ఆట ఎలా సాగిందని అడగడం, ఓడిపోయి వచ్చిన రోజు తిట్టకపోవడం భావోద్వేగపరమైన చేయూత. ఇవి పాశ్చాత్య పాఠ్యగ్రంథాల్లోనూ కనిపిస్తాయి. మన దగ్గర వీటన్నిటి కన్నా ముందు నిలిచేది అనుమతి. వాకిలి దాటడానికి అనుమతి, ఫలానా గంట దాకా బయట ఉండటానికి అనుమతి, పుస్తకం మూయడానికి అనుమతి. కౌమారుల మీద వచ్చిన పరిశోధనల్లో తల్లిదండ్రుల ప్రత్యక్ష సహాయం, వ్యాయామానికి దొరికే అవకాశాలు తరచుగా కనిపించే అంశాలని 2000లో శాలిస్, అతని సహచరులు 108 అధ్యయనాలను సమీక్షించి చెప్పారు. ఆ 'అవకాశం' అన్న మాట మన ఇళ్లలో 'అమ్మ ఒప్పుకుంది', 'నాన్న వెళ్లమన్నాడు' అన్న మాటలుగా వినిపిస్తుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. అన్న ఇంటర్ మొదటి సంవత్సరం, చెల్లెలు తొమ్మిదో తరగతి. ఇద్దరినీ వాలీబాల్ జట్టుకు ఎంపిక చేశారు. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా సాధన.

"నాన్నా, రేపటి నుంచి ప్రాక్టీసు ఉంది" అంటాడు కొడుకు.

"సరేరా, చదువు పాడుచేసుకోకు" అంటాడు తండ్రి.

"నాన్నా, నన్ను కూడా తీసుకున్నారు" అంటుంది కూతురు.

"ఎవరెవరు వస్తున్నారమ్మా? సారా, మేడమా? ఇంటికి ఎవరితో వస్తావు? డ్రెస్సు ఎలా ఉంటుంది? అమ్మనడుగు."

అమ్మ 'చీకటి పడుతుంది' అంటుంది. 'పొయ్యి దగ్గర నాకు సాయం ఎవరు?' అని పైకి అనకపోయినా ఆ ప్రశ్న అక్కడే ఉంటుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు దాటినవారిలో ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. పైగా స్త్రీలలో 81 శాతం మంది పాల్గొంటే పురుషుల్లో 26 శాతం మందే పాల్గొన్నారు. కూతురి ఆట ఆ ఐదు గంటల్లోంచి కోసుకు రావలసిందే. ఈ సంభాషణలో తండ్రి ఆటకు వ్యతిరేకి కాడు, తల్లి కఠినురాలు కాదు. అడిగిన ప్రశ్నల్లో భద్రతకు సంబంధించినవి న్యాయమైనవే. కొడుకును వాటిలో ఒక్కటి కూడా అడగలేదన్నది మీరు గమనించవలసిన విషయం. కౌన్సెలింగ్ తరగతుల్లో ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా విద్యార్థినులు నవ్వేవారు, విద్యార్థులు నోట్సు రాసుకునేవారు.

అనుమతికి ఎంత బలముందో మనకు తెలిసిన కొన్ని జీవితాల్లో కనిపిస్తుంది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్‌ను ఆటల వైపు నడిపించింది ఆమె తండ్రి. మొదట పరుగు పందేలతో మొదలుపెట్టి తర్వాత బాక్సింగ్‌కు మారింది. ఆడపిల్లకు బాక్సింగ్ ఏమిటన్న మాటలు ఆ కుటుంబం వినవలసి వచ్చింది. ఆ మాటలకు, కూతురికి మధ్య తండ్రి నిలబడ్డాడు. 2022లో, మళ్లీ 2023లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే జిల్లాలోని పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తీరిక వేళ వ్యాయామం అన్న మాటే ఆ ఇంట్లో ఉండే అవకాశం లేదు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ ఆమె పర్వతారోహణలో శిక్షణ పొందింది. తల్లిదండ్రులు పంపడానికి ఒప్పుకున్నారు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. గురుకులంలో చదివితే ఆటలకు దూరమైనట్టే అన్న అభిప్రాయానికి కూడా ఇది జవాబు. హాస్టల్ కావడం వల్ల నష్టం లేదు, ఆ హాస్టల్ దినచర్య ఏమిటన్నదే లెక్క.

పి.వి. సింధు కథ మరో సంగతి చెబుతుంది. తల్లి విజయ, తండ్రి రమణ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ సభ్యుడు. అనుకరణే అంతా అయితే ఆమె వాలీబాల్ ఆడాలి. ఆమె బ్యాడ్మింటన్ ఎంచుకుంది. తల్లిదండ్రులు తమ ఆటను ఆమె మీద రుద్దకుండా, ఆమె ఎంచుకున్న ఆటకు తమ సమయాన్ని ఇచ్చారు.

అయితే ఛాంపియన్ల కథలతో జాగ్రత్త. వేలమంది పిల్లల్లో ఒకరికి పతకం వస్తుంది. పతకం రాని పిల్లకు కూడా రోజుకు ఆ గంట కదలిక అవసరమే. 'నువ్వేమైనా సింధువి అవుతావా?' అని అడిగే తల్లిదండ్రులు ఆటను ఉద్యోగ అవకాశంగా చూస్తున్నారు. భోజనం చేసే పిల్లను 'నువ్వేమైనా వంటల పోటీలో గెలుస్తావా?' అని అడగం కదా.

8.5 చేయూత ఒత్తిడిగా మారినప్పుడు

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ ప్రతిపాదించిన స్వయం నిర్ణయ సిద్ధాంతం ప్రకారం, ఒక పనిని మనిషి ఇష్టంగా కొనసాగించాలంటే మూడు అవసరాలు తీరాలి. తానే ఎంచుకున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం. ఈ మూడింటినీ తీర్చే శక్తి తల్లిదండ్రులకు ఉంది, దెబ్బతీసే శక్తి కూడా ఉంది.

'లావైపోతున్నావు, రేపటి నుంచి పరుగెత్తు' అని బంధువుల ముందు అన్న మాట ఎలా పనిచేస్తుందో ఆలోచించండి. ఆ క్షణం నుంచి పరుగు ఒక శిక్ష అవుతుంది. యుక్తవయసులో శరీరం మారుతున్నప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లల్లో, తమ రూపం గురించి బెరుకు సహజం. ఆ బెరుకు మీద దెబ్బ వేస్తే పిల్ల మైదానానికి వెళ్లదు, అద్దానికి కూడా దూరమవుతుంది. 'పక్కింటి కిరణ్‌ను చూడు' అన్న పోలిక నమ్మకాన్ని తినేస్తుంది. ఇక 'మార్కులు తగ్గాయి, ఈ నెల ఆట బంద్' అనే అలవాటు మన ఇళ్లలో మరీ ఎక్కువ. దీనివల్ల ఆట అనేది చదువుకు ఇచ్చే బహుమానమని, ఏ క్షణాన్నైనా వెనక్కి తీసుకోగలిగినదని పిల్లలకు అర్థమవుతుంది. మార్కులు తగ్గితే అన్నం మానేయమని ఎవరూ అనరు.

మునుపటి పాఠంలో డయానా బామ్‌రిండ్ వర్గీకరించిన పెంపకం శైలులను చదివారు. నిరంకుశ శైలిలో తండ్రి ఐదు గంటలకు లేపి పరుగెత్తిస్తాడు. కొడుకు హాస్టల్‌కు వెళ్లిన మర్నాడే ఆ పరుగు ఆగిపోతుంది. పూర్తి స్వేచ్ఛనిచ్చే శైలిలో ఎవరూ ఏమీ అనరు, ఫోను గెలుస్తుంది. 'రోజుకు ఒక గంట ఒళ్లు కదలాలి, ఆ గంటలో ఏం చేస్తావో నీ ఇష్టం' అనడం ప్రజాస్వామిక శైలి. హద్దు ఉంది, ఎంపిక కూడా ఉంది. కుంగ్‌ఫూ నేర్చుకుంటానన్నా, కూచిపూడి నేర్చుకుంటానన్నా ఆ గంట లెక్కలోకి వస్తుంది. నృత్యాన్ని వ్యాయామంగా పరిగణించడానికి మనవాళ్లు ఎందుకు సందేహిస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒక తిల్లానా పూర్తి చేసిన పిల్ల ఊపిరి లెక్కపెట్టి చూడండి. మరోవైపు, క్రికెట్‌లో మూడు గంటలు బౌండరీ దగ్గర నిలబడిన కుర్రవాడు 'మూడు గంటలు ఆడాను' అంటాడు.

8.6 చదువు పాడవుతుందన్న భయం

తల్లిదండ్రులను ఆటలకు విముఖులను చేసే ప్రధాన కారణం ఇదే. దీన్ని కొట్టిపారేయకూడదు. ఒక్క పరీక్ష ర్యాంకు మీద సీటు, దాని మీద ఫీజు, దాని మీద కుటుంబం పదేళ్ల అప్పు ఆధారపడి ఉన్నప్పుడు ఆ భయానికి పునాది ఉంది.

అయితే ఆట వల్ల మార్కులు తగ్గుతాయన్న నమ్మకానికి ఆధారం ఉందా? అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు 2010లో యాభై అధ్యయనాలను సమీక్షించాయి. బడిలో శారీరక కార్యకలాపానికీ, చదువులో ప్రతిభకూ మధ్య పరిశీలించిన 251 సంబంధాల్లో 50.5 శాతం అనుకూలంగా ఉన్నాయి. 48 శాతంలో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. ప్రతికూలంగా ఉన్నవి 1.5 శాతం మాత్రమే. ఇవి మన ఇంటర్మీడియట్ కాలేజీల్లో చేసిన అధ్యయనాలు కావు కాబట్టి అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. కానీ 'ఆడితే చదువు పోతుంది' అని గట్టిగా చెప్పేవారే ఆధారం చూపించవలసిన స్థితిలో ఉన్నారని మాత్రం చెప్పవచ్చు.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది? 2009 నాటి విద్యా హక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని ఉంది. కానీ ఆ చట్టం పరిధి 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. సరిగ్గా కౌమార దశ నడిమధ్యలో ఆ రక్షణ ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలేజీని ఎంచుకునే తల్లిదండ్రుల ప్రశ్నే ఆధారం. ఫీజు గురించి అరగంట మాట్లాడే తండ్రి 'సాయంత్రం పిల్లలను ఎంతసేపు బయటికి వదులుతారు? ఎక్కడికి వదులుతారు?' అని కూడా అడిగితే, అలా యాభైమంది అడిగితే, యాజమాన్యం వినక తప్పదు. వినియోగదారుడి మాటకు ఉన్న విలువ అది.

8.7 ఒక వారం లెక్క

రోజుకు 60 నిమిషాలంటే వారానికి 420 నిమిషాలు. తొమ్మిదో తరగతి చదివే ఒక బాలుణ్ణి తీసుకుందాం. బడికి సైకిలు మీద పోవడానికి, రావడానికి చెరి 15 నిమిషాల చొప్పున ఆరు రోజులకు 180. వారానికి రెండు ఆటల పీరియడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. వరుసలో నిలబడటం, వంతు కోసం చూడటం తీసేస్తే 40 మిగులుతాయి. ఆదివారం ఆట 90. మొత్తం 310. ఇంకా 110 నిమిషాలు తక్కువ. వారంలో నాలుగు సాయంత్రాలు అరగంట చొప్పున బ్యాడ్మింటన్ ఆడితే 430 అవుతాయి. లక్ష్యం చేతికందే దూరంలోనే ఉంది.

ఇప్పుడు ఇదే బాలుడు ఇంటర్మీడియట్‌లో చేరాడనుకోండి. కాలేజీ బస్సు ఇంటి ముందుకే వస్తుంది. 180 పోయాయి. ఆటల పీరియడు లేదు. 40 పోయాయి. ఆదివారం పరీక్ష. 90 పోయాయి. సాయంత్రం స్టడీ అవర్స్. చివరి 120 పోయాయి. ఈ నాలుగు మార్పుల్లో పిల్లవాడి బద్ధకం ఎక్కడా లేదు. తల్లిదండ్రులు ఏదో ఒక్కదాన్ని వెనక్కి తేగలిగినా లెక్క మారుతుంది. బస్సు ఎక్కే చోటును ఇంటి ముందు నుంచి పదిహేను నిమిషాల నడక దూరానికి మార్చడం అలాంటిదే. వేగంగా నడిస్తే రానూపోనూ ఆరు రోజులకు 180 నిమిషాలు తిరిగి వస్తాయి. పైసా ఖర్చు లేదు, చదువు గంటల్లోంచి తీసేది కూడా స్వల్పమే. కూతురి విషయంలో అయితే ఆ దారిలో వీధి దీపాలున్నాయా, తోడు ఎవరు అన్న ప్రశ్నలు వస్తాయి. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల తల్లులు మాట్లాడుకుని పిల్లలను కలిపి పంపితే ఆ ప్రశ్నలకు కొంత జవాబు దొరుకుతుంది. మిగతా జవాబు పంచాయతీయో, పురపాలక సంఘమో చెప్పాలి. కుటుంబం ఒంటరిగా తీర్చలేని సమస్యను కుటుంబం తప్పుగా చూపించకూడదు.

కృత్యం: మీకు తెలిసిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ 13–18 ఏళ్ల లోపువారు, వారం రోజుల్లో ఎన్ని నిమిషాలు కదిలారో పై పద్ధతిలో రాయండి. ప్రతి పద్దు పక్కన ఆ సమయాన్ని ఎవరు నిర్ణయించారో, పిల్లలా, తల్లా, తండ్రా, బడా అన్నది గుర్తించండి. అమ్మాయి పట్టికలో ఇంటిపనిని వేరే నిలువు వరుసలో చూపండి. పూర్తయిన పట్టికను అధ్యయన కేంద్రంలో మీ కౌన్సిలర్‌తో చర్చించండి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఫ్రామింగ్‌హామ్ అధ్యయన ఫలితాలను కౌమారులకు యథాతథంగా ఎందుకు వర్తింపజేయకూడదు?

2. 'మన సమాజంలో చేయూత కన్నా ముందు వచ్చేది అనుమతి.' కొడుకు, కూతురు మధ్య తేడాను దృష్టిలో ఉంచుకుని చర్చించండి.

3. స్వయం నిర్ణయ సిద్ధాంతం ఆధారంగా, మార్కులు తగ్గినందుకు ఆట మాన్పించడం ఎలాంటి ఫలితాలకు దారితీస్తుందో వివరించండి.